వినైల్ షీటు తీసేసి దాని స్థానంలో వేసిన టైల్స్ డొల్లగా మోగడం: సమాధానం

మీ వంటగదిలో వినైల్ షీటు తీసి వేయించిన టైల్స్ అప్పుడే డొల్లగా మోగుతున్నాయంటే, గచ్చు మీద పాత జిగురు మిగిలిపోయి ఉండవచ్చు; ఆ పొర మీద టైల్ అడ్హెసివ్ (టైల్స్‌ను గచ్చుకు అతికించే మిశ్రమం) సరిగా పట్టదు.

1. మోగే టైల్స్ తీయించండి.
2. షీటు దశాబ్దాల నాటిదైతే అందులోనూ జిగురులోనూ ఆస్‌బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార లాంటి ఖనిజం) ఉండవచ్చు కనుక, పరీక్ష చేయించే వరకు గీకించవద్దు, గ్రైండర్ అసలే పెట్టనివ్వవద్దు.
3. ఆ భయం లేదని తేలాక, హీట్ గన్‌తో జిగురును మెత్తబరిచి వెడల్పాటి స్క్రాపర్‌తో గీకించండి.
4. చాలామంది వదిలేసేది ఇదే: గచ్చు మీద అక్కడక్కడా, ముఖ్యంగా గోడ వారల్లో, నీటి చుక్కలు వేసి చూడాలి. నీరు ఇంకితే సరే. ముత్యంలా నిలిచిందంటే జిగురు ఇంకా ఉన్నట్టే కనుక, మేస్త్రీ "ఇది చాలండీ" అన్నా ఒప్పుకోకుండా గ్రైండర్‌తో పైపొర తీయించండి.
5. దుమ్ము పూర్తిగా తీశాకే టైల్స్ వేయించండి.