పాదాల దగ్గర కూర్చున్నావిడ

ప్రశ్న: శిలువ మీంచి దించిన క్రీస్తు చుట్టూ అయినవాళ్లు విలపిస్తున్నట్టు ఇటలీ చిత్రకారుడు జొట్టో వేసిన బొమ్మను మా అబ్బాయి తెచ్చిన పుస్తకంలో చూశాను. మేము క్రైస్తవులం కాము. అయినా ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్న స్త్రీని చూడగానే, అమ్మ పోయిన రోజు ఆమె కాళ్ల దగ్గర నుంచి లేవనని కూర్చున్న మా పిన్ని గుర్తొచ్చి కన్నీళ్లు ఆగలేదు. మా పుస్తకాల బృందంలో ఈ సంగతి చెబితే, ఒక పెద్దాయన “అది కళాస్వాదన కాదమ్మా, మీ సొంత దుఃఖం” అని తేల్చేశారు. నవలలు చదివేటప్పుడూ నాది ఇదే ధోరణి. తప్పంటారా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: ఆ పెద్దాయన మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. రసాస్వాదనకు అడ్డుపడే విఘ్నాలను చెబుతూ కశ్మీర అలంకారికుడు అభినవగుప్తుడు, తన సుఖదుఃఖాలకు తానే వశమైపోవడాన్నీ వాటిలో చేర్చాడు. బొమ్మ కనుమరుగై మన ఏడుపు ఒక్కటే మిగిలితే అది విఘ్నమే. కానీ మీకు జరిగింది అది కాదు. 1305 ప్రాంతంలో పాదువాలోని స్క్రొవేన్యి ప్రార్థనామందిరం గోడ మీద వేసిన ఆ చిత్రంలో, జుట్టు విరబోసుకుని పాదాలను చేతుల్లోకి తీసుకున్న క్రీస్తు శిష్యురాలు మగ్దలేనా మరియ నిజంగానే ఉంది. అంతమంది నడుమ ఆమె దగ్గరికి మిమ్మల్ని చేర్చింది మీ పిన్నే.

అసలు పరీక్ష కళ్లు తుడుచుకున్నాక మొదలవుతుంది. మళ్లీ చూడండి. ముందువరుసలో ఇద్దరు మనకు వీపు పెట్టి కూర్చున్నారు. వాళ్ల ముఖాలు కనిపించవు, అయినా ఆ వంగిన వీపుల్లో ఉన్న బరువు మనకు తెలుస్తూనే ఉంటుంది. వెనకనున్న రాతిగట్టు ఎండుచెట్టు దగ్గర నుంచి ఏటవాలుగా దిగి, మన చూపును తల్లీకొడుకుల ముఖాలు ఆనుకున్న చోటికే తీసుకొస్తుంది. మీ జ్ఞాపకం మిమ్మల్ని ఇక్కడిదాకా రానిస్తే దానిమీద ఏ ఫిర్యాదూ అక్కర్లేదు.

నవలల సంగతికి అదే మందిరంతో చుట్టరికమున్న ఉదాహరణ ఒకటుంది. 1913లో వెలువడిన ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ నవల తొలి సంపుటంలో, వంటింట్లో పనిచేసే గర్భవతి అయిన అమ్మాయిని స్వాన్ అనే పెద్దమనిషి సరదాగా “జొట్టోగారి దయాగుణం” అని పిలుస్తుంటాడు. ఆ మందిరం గోడల కింది భాగంలో జొట్టో స్త్రీరూపంలో చిత్రించిన ఆ గుణం ఫొటోను కథ చెప్పే కుర్రాడు ఎన్నాళ్లు చూసినా అతనికి నచ్చలేదు. ఆమె తన హృదయాన్ని దేవుడికి అందించే తీరు, నేలమాళిగ కిటికీలోంచి వంటమనిషి పైవాళ్లకు సీసా బిరడా తీసే మర అందించినట్టు ఉంటుందట. ఆ తర్వాతెప్పుడో ఆ బొమ్మలోని వింత అందం అతనికి మెల్లగా బోధపడింది. ప్రపంచ సాహిత్యంలో అంత పేరున్న నవలే వంటింటి దారిలో బొమ్మ దగ్గరికి వెళ్లగా లేనిది, మీకు మొహమాటం దేనికి?

దుఃఖం అంటని బొమ్మతోనూ ఈ సాధన చేయవచ్చు. బెంగళూరుకు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి గుడి కప్పు మీద, 16వ శతాబ్దపు విజయనగర చిత్రాల్లో పార్వతీ కల్యాణం చూసి ఎవరి పెళ్లి గుర్తొచ్చినా రానివ్వండి. ఆ తర్వాత, మెడ నొప్పెట్టినా సరే, చీరల మీది అల్లికల్లో ఏ రెండూ ఒకలా ఉన్నాయేమో వెతకండి.

ఈ నెల బృందానికి మాత్రం ఆ పుస్తకం పట్టుకెళ్లి, పిన్ని మాట ఎత్తకుండా, పాదాల దగ్గరున్నావిడ చేతులు ఎలా ఉన్నాయో ఆ పెద్దాయన్ని బొమ్మ చూడకుండా చెప్పమనండి.