చచ్చిపోయే కణం తన డీఎన్ఏని తానే కోసుకుంటుందా?

ప్రశ్న: నేను డిగ్రీలో బయోటెక్నాలజీ చదువుతున్నాను. అపాప్టోసిస్‌లో (అంటే కణం తనంతట తానే ఒక పద్ధతిలో చనిపోవడం) ఆ కణం డీఎన్ఏ జెల్ మీద (ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జిగురు పలక) నిచ్చెన మెట్లలా కనిపిస్తుందని మా పుస్తకంలో ఉంది. మెట్లే ఎందుకు? ఆ ముక్కలు చివరికి ఏమవుతాయి?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: అవును, తానే కోసుకుంటుంది, అదీ కొలిచినట్టు. డీఎన్ఏ హిస్టోన్ ప్రోటీన్ల ముద్దల చుట్టూ చుట్టుకుని ఉంటుంది కదా, ఒక్కో ముద్దకి 147 బేస్ జతల (డీఎన్ఏ పొడవుకి కొలమానం) చొప్పున. అలా చుట్టుకున్న చోట డీఎన్ఏని కోసే ఎంజైముకి పట్టు దొరకదు, ముద్దకీ ముద్దకీ మధ్య బయటపడి ఉన్న కాస్త జాగాలోనే తెగుతుంది. అందుకే ముక్కలు దాదాపు 180, 360, 540 బేస్ జతలు ఇలా వస్తాయి, జెల్‌ని యూవీ కింద పెడితే మెట్లు మెట్లుగా మెరుస్తాయి. కణం దెబ్బ తగిలో కాలిపోయో చస్తే మాత్రం ఈ లెక్క ఉండదు, పైనుంచి కిందికి అలికేసినట్టు ఒకటే చార. స్టెరాయిడ్ ఇచ్చిన థైమస్ (ఛాతీలో ఉండే రోగనిరోధక గ్రంథి) కణాల్లో ఈ మెట్ల సంగతి 1980లో ఆండ్రూ విల్లీ చూపించాడు.

ఇంతకీ ఆ కోసే ఎంజైము, పేరు క్యాడ్, బతికున్న కణంలో కూడా ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే ఐక్యాడ్ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని ఒరలో కత్తిలా పట్టుకుని ఉంటుంది. చావు కబురు అందాక ప్రోటీన్లని కోసే కాస్పేజ్-3 అనే ఎంజైము వచ్చి ఐక్యాడ్‌ని తెంచేస్తుంది, క్యాడ్ బయటపడుతుంది. 1998లో జపాన్‌లో షిగెకాజు నగాటా బృందం ఇదంతా తేల్చింది. తమాషా ఏంటంటే ఐక్యాడ్ పక్కన లేకపోతే క్యాడ్ అసలు సరైన ఆకారంలో తయారే కాదు!

ఇక మీ రెండో ప్రశ్న. కణం చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతే మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే రక్షక కణాలు) వాటిని మింగేస్తాయి, లోపల డీఎన్ఏజ్-2 అనే ఎంజైము మిగతా డీఎన్ఏని అరగదీస్తుంది. ఇది చిన్న పనేం కాదు, ఆ ఎంజైము లేని ఎలుక పిల్లలు రక్తహీనతతో పుట్టకముందే చనిపోతాయి, అరగని డీఎన్ఏని చూసి శరీరం వైరస్ వచ్చిందన్నట్టు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ వదలడమే కారణం. కొన్ని ముక్కలు రక్తంలోకీ వస్తాయి. గర్భిణుల రక్తంలో బిడ్డ డీఎన్ఏ ఉంటుందని 1997లో డెన్నిస్ లో బృందం చెప్పింది, అది ఎక్కువగా మాయ (ప్లాసెంటా) కణాలు చనిపోగా వచ్చిందే. కడుపులో బిడ్డకి క్రోమోజోముల తేడా ఉందేమో చూడ్డానికి ఇప్పుడు డాక్టర్లు రాసే ఎన్ఐపీటీ రక్తపరీక్షకి ఆధారం అదే (అది స్క్రీనింగ్ మాత్రమే, రిపోర్టులో రిస్క్ ఎక్కువని వస్తే ఉమ్మనీటి పరీక్ష లాంటిది చేసి నిర్ధారించుకోవాలి).

చివరగా, ప్రాక్టికల్స్‌లో మెట్లు రాకపోతే అపాప్టోసిస్ జరగలేదని రికార్డులో రాసేయకండి. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు చాలా ల్యాబుల్లో వాడతారు, వాటిలో కాస్పేజ్-3 ఉండదు. అవి నిక్షేపంగా చస్తాయి, మెట్లు మాత్రం రావు.