ఫ్రెంచ్ నేర్చుకోండి, ఉద్యోగం మాత్రం వదలకండి

ప్రశ్న: నాకు 30 ఏళ్లు, పెళ్లి కాలేదు. కెనడాలోని మిసిసాగాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. చేతికి నెలకు 3,700 డాలర్లు వస్తాయి. ఇంటికి పంపే 280తో కలిపి ఖర్చు 2,300. దాచింది 6,500. వర్క్ పర్మిట్ ఇంకా 14 నెలలుంది, ఇక్కడి ఉద్యోగానికి ఏడాది పది నెలలు నిండాయి. పీఆర్ (శాశ్వత నివాసం) కోసం లెక్కేసే సీఆర్ఎస్ స్కోరు 488 దగ్గరే ఆగిపోయింది. దాన్ని పెంచుకుందామని నేర్చుకుంటున్న ఫ్రెంచ్ ఏ2 (ప్రాథమిక స్థాయి) దాకా వచ్చింది. వచ్చే నెల ఉద్యోగం మానేసి ఆరు నెలల ఫుల్‌టైమ్ కోర్సులో చేరాలని 500 అడ్వాన్స్ కట్టాను. అది కాక ఇంకా కట్టాల్సిన ఫీజు 4,200. చాలని డబ్బు లైన్ ఆఫ్ క్రెడిట్ (కావలసినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు), క్రెడిట్ కార్డుల మీద సర్దుకుని పీఆర్ వచ్చాక తీర్చేద్దామని ఉంది. మీ సలహా?

జవాబు: వద్దు. ఫ్రెంచ్ నేర్చుకోవాలన్న ఆలోచన మంచిదే. అప్పు చేసి ఉద్యోగం మానడమే పొరపాటు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి, అందుకే మీది ఎంచుకున్నాను.

లెక్క వేద్దాం. ఆరు నెలల ఖర్చు 13,800, ఫీజుతో కలిపి 18,000. మీ 6,500 ఊడ్చిపెట్టినా 11,500 అప్పు. అందులో 3,500 కార్డు మీద పడిందనుకోండి, 20.99 శాతం చొప్పున నెలకు 61 డాలర్లు వడ్డీకే పోతాయి, అసలు కదలదు. మీ అమ్మానాన్నలకు పంపే 280 కూడా అప్పు తెచ్చే పంపుతారు. సరైన కారణం లేకుండా తనంతట తాను మానేసినవాళ్లకు ఈఐ (నిరుద్యోగ భృతి) రాదు. కంపెనీ ఇచ్చే పంటి వైద్యం, మందుల ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. ఆ ఆరు నెలల్లో ఒక్క పన్ను నొప్పి చాలు, లెక్క మొత్తం తారుమారు కావడానికి.

మీ ధీమా అంతా పీఆర్ వచ్చే తేదీ మీద ఉంది. ఆ తేదీ మీ చేతిలో ఉందా? స్కోరును బట్టి పీఆర్ దరఖాస్తుకు పిలిచే డ్రాలుంటాయి. వాటిలో ఫ్రెంచ్ విభాగం డ్రాల్లో 2024 ఫిబ్రవరిలో 336 స్కోరుకే పిలుపు వచ్చింది. 2025 ఆగస్టులో కటాఫ్ 481కి పోయింది. కార్డు గడువు మాత్రం ఏ నెలా తప్పదు. పైగా పీఆర్ వచ్చినంత మాత్రాన ఎవరూ జీతం ఇవ్వరు. ఉద్యోగం మళ్లీ వెతుక్కోవాల్సిందే.

గత ఏడాది ఒకమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో టెఫ్ (ఫ్రెంచ్ పరీక్ష) ఫలితం చూపించింది. చదవడం, రాయడం, మాట్లాడటం మూడింట్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ స్థాయికి కెనడా కొలమానం) 7. వినడంలో 6. నాలుగింటిలోనూ 7 ఉంటేనే లెక్క. ఆ ఒక్క మెట్టు దగ్గర 50 బోనస్ పాయింట్లూ పోయాయి, ఫ్రెంచ్ డ్రా అర్హతా పోయింది. ఆ వెంటనే వేలితో పక్కకు జరిపి మూడు కార్డుల మినిమమ్ పేమెంట్లు చూపించింది. ఇంకో మూడు నెలలు వినడం మీద కూర్చుంటే గట్టెక్కేది. కూర్చోవడానికి డబ్బు లేదు. వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టులకు వెళ్లింది, ఫ్రెంచ్ పక్కన పడింది. ఎమర్జెన్సీ ఫండ్ ఉండాలని నేను ఇంతలా పోరేది ఇందుకే.

పాయింట్ల పరంగా చూసినా మానడం నష్టమే. ఇంకో రెండు నెలలు చేస్తే కెనడా అనుభవం రెండేళ్లవుతుంది, 40 పాయింట్లు 53 అవుతాయి. చేతికందే 13 పాయింట్లు వదులుకుని, ఇంకా రాని 62 (బోనస్ 50, రెండో భాషకు 12) కోసం అప్పు చేస్తానంటున్నారు. 31 నిండితే వయసు కింద 6 తగ్గుతాయి, నిజమే. దానికి కంగారు పడకండి.

ఇలా చేయండి. నెలకు మిగిలే 1,400లో 200 సాయంత్రం ట్యూటర్‌కి, 1,200 ఎమర్జెన్సీ ఫండ్‌కి. ఆరు నెలల్లో 7,200 చేరి మొత్తం 13,700 అవుతుంది, అంటే దాదాపు ఆరు నెలల ఖర్చు. అదే ఆరు నెలలకు మీ పథకంలో 11,500 అప్పు. తేడా 25,200 డాలర్లు! ఆ డబ్బు టీఎఫ్ఎస్ఏ (పన్ను పడని పొదుపు ఖాతా)లో ఉంచినా సరే, షేర్లు కొనకండి, జీఐసీ (ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది)లో బిగించకండి. 13,700 దాటాకే పరీక్ష ఫీజు, పీఆర్ ఫీజులకు వేరుగా దాచడం మొదలుపెట్టండి.

ఏ2 నుంచి బీ2కి (దాదాపు ఎన్‌సీఎల్‌సీ 7 స్థాయి) మూడు వందల గంటలకు పైనే పడుతుంది. వారానికి పది గంటలు కూర్చుంటే ఎనిమిది నెలలు. పర్మిట్ 14 నెలలుంది కాబట్టి పరీక్షకీ, ఒకసారి తప్పినా మళ్లీ రాయడానికీ సమయం మిగులుతుంది. పర్మిట్ ముగిసేలోపు పీఆర్ దరఖాస్తు లోపలికి వెళ్లాలి, పీఆర్ తేలేదాకా పని చేయనిచ్చే బ్రిడ్జింగ్ పర్మిట్‌కి అదే ఆధారం. వినడానికి సీబీసీ, రేడియో కెనడా వాళ్ల మోరిల్ యాప్ ఉచితం, రోజూ బస్సులో పెట్టుకోండి.

మీరుండే ఒంటారియో రాష్ట్రం పీఆర్‌కి సిఫారసు (నామినేషన్) చేస్తే 600 పాయింట్లు. ప్రయత్నించండి గానీ దాన్ని నమ్ముకుని ఖర్చు పెట్టకండి. పేడే లోన్ (జీతం వచ్చేదాకా ఇచ్చే చిన్న అప్పు) గడప తొక్కొద్దు. వందకు పద్నాలుగు డాలర్లు, అదీ రెండు వారాలకు!

రేపే ఆ కోర్సు వాళ్లకు మెయిల్ పెట్టండి. సాయంత్రం బ్యాచ్‌కి మార్చమనండి, కాదంటే 500 వెనక్కి అడగండి. రెండూ కుదరదంటే ఆ 500 వదిలేసుకోండి. పోయిన 500 కోసం 11,500 అప్పులో దిగకండి.