గోల్కొండకి పొద్దున్నే బయలుదేరండి

అమ్మలూ,

మీ భజన బృందాన్ని ఖమ్మం నుంచి హైదరాబాద్ చూపించడానికి తీసుకెళ్తున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన లిస్టులో తొమ్మిది చోట్లున్నాయి. అయిదు కొట్టెయ్. మీలో సగం మందికి మోకాళ్ళ నొప్పులాయె. గోల్కొండ, నిజాముల చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్, బిర్లా మందిర్ చూస్తే ఒక రోజుకి చాలు. ఈ వరస కూడా మార్చకు.

శుక్రవారం మాత్రం వద్దు. ఆ రోజు చౌమహల్లాకి సెలవు, చార్మినార్ పక్కనున్న మక్కా మసీదు జుమ్మా నమాజుతో కిటకిటలాడుతుంది.

గోల్కొండకి గేటు తీసే వేళకే చేరాలి. ఒకసారి నేను పదకొండింటికి తీసుకెళ్తే, సగం మెట్ల మీదే మా వదిన కళ్ళు తిరిగి కూలబడిపోయింది. ఆ భయం నాకింకా పోలేదు. పైదాకా దాదాపు 360 మెట్లు. ఎక్కలేనివాళ్ళని కింద ద్వారం దగ్గరే ఉండనివ్వు. అక్కడ గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద కోట పైభాగం బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. పైకెక్కినవాళ్ళు చెవులు రిక్కించి వింటారు, కిందవాళ్ళకీ తామూ వచ్చామన్న తృప్తి ఉంటుంది.

మీరు తీరిగ్గా ఆగాల్సింది రామదాసు బందీఖానా దగ్గర. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడాడని తానీషా కాలంలో రామదాసుని, అదే మన కంచర్ల గోపన్నని, పన్నెండేళ్ళు ఇక్కడే ఉంచారని చెప్తారు. లోపల మసక వెలుతురు. కళ్ళు అలవాటు పడ్డాక గోడ రాతి మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు కనిపిస్తారు. మా అత్తగారు అక్కడ కీర్తన ఎత్తుకుని, గొంతు పూడుకుపోయి రెండో చరణం దగ్గరే ఆగిపోయారు. మీరు రోజూ పాడుకునే మనిషి గది అది. అక్కడ ఎవరినీ తొందరపెట్టకు.

మధ్యాహ్నం ఎండకి చౌమహల్లా నీడే నయం. దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద కాసేపు నిలబడండి. అక్కణ్ణుంచి చార్మినార్ దగ్గరే. 1591లో కట్టింది. పైకి 149 మెట్లు, ఇరుకు, చుట్లు తిరుగుతూ ఎక్కాలి. పెద్దవాళ్ళు కింద నుంచి చూస్తే చాలు. పక్కనే మక్కా మసీదు. 1617లో మొదలై 1694లో పూర్తయింది. నమాజు వేళ కాకుండా, తలమీద కొంగు కప్పుకుని, మెల్లగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. లాడ్ బజార్‌లో లక్కని వేడికి మెత్తబరచి, ఒక్కో రాయీ గాజులో అతికించేవాళ్ళు కనిపిస్తే ఆగి చూడండి. మాటల్లో పడి ఒకరిద్దరు తప్పిపోయేదీ అక్కడే. ఎవరు విడిపోయినా ఎక్కడికి రావాలో ముందే చెప్పి పెట్టు.

బిర్లా మందిర్‌కి సాయంత్రమే వెళ్ళండి, మధ్యాహ్నం మూసేస్తారు. ఫోన్లు బయటే ఇచ్చేయాలి. మీ భజన తాళాలు కూడా బస్సులోనే ఉంచండి. ధ్యానానికి భంగం కలగకూడదని ఆ గుడిలో గంటలే పెట్టలేదు. దర్శనమయ్యాక పాలరాతి మీద కూర్చుంటే హుస్సేన్ సాగర్ చుట్టూ దీపాలు వెలగడం కనిపిస్తుంది. అప్పుడు పులిహోర పొట్లాలు అంటూ ఎవరినీ లేపకు.

రామదాసు గదిలో ఏ కీర్తన పాడారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ