గ్రీన్‌హౌస్ కొనడం కాదు తమ్ముడూ, దాన్ని మేపడం ఉంది చూశావా

మొక్కలు పెంచుకునే గ్రీన్‌హౌస్ గ్లాసుది కొనాలా, పాలీకార్బొనేటుది, అంటే గట్టి ప్లాస్టిక్ షీట్లది కొనాలా అని అడిగావ్ కదా తమ్ముడూ. చెప్తా గానీ ముందు నేను తగలేసిన డబ్బు కథ వినాలి, ఎందుకంటే నువ్వు పంపిన ఫోటోల్లో మొదటిది అచ్చం నేను కొన్నదే.

ఈ చలిదేశం వచ్చిన రెండో ఏడు, అన్నిటికన్నా చవగ్గా ఉందని సన్నటి పైపుల మీద పాలిథీన్ కవరు తొడిగేది కొన్నా. ఒక్క పూటలో బిగించేసి, ఇంతేనా అనుకున్నా. నేలలో దిగ్గొట్టడానికి మేకులిస్తే నాలుగంటే నాలుగే కొట్టి ఊరుకున్నా, ఓ రాత్రి గాలివానకి అది మొత్తం లేచి పక్కింటాయన కంచె మీద పడింది, లోపలున్న నారంతా మట్టిపాలు. కంచె బాగుచేయించడానికి గ్రీన్‌హౌస్ కన్నా ఎక్కువే అయింది. ఒకవేళ అది నిలబడ్డా ఆ కవరు ఎండకి పెళుసెక్కి కొన్నేళ్లకే చిరుగుతుంది. అందుకే ఏది కొన్నా అడుగున గట్టి పునాది వేసి బోల్టులతో బిగించు, ఆ ఖర్చు కూడా మొదట్లోనే కలుపుకో.

రెండోసారి బుద్ధొచ్చి 6×8 అడుగుల పాలీకార్బొనేటుది కొన్నా, 4 మిల్లీమీటర్ల షీట్లు. అందులోనూ ఘనకార్యం చేశాను లే. ఆ షీట్లకి ఎండని తట్టుకునే పూత మామూలుగా ఒకవైపే ఉంటుంది, అది బయటికి రావాలి, నేను తొందర్లో ఏ వైపు బయటికో చెప్పే పై ఫిల్ము పీకేసి సగం షీట్లు తిరగేసి పెట్టా. అవి పసుపెక్కిపోయాయి. షీటు లోపల సన్నటి గొట్టాల్లాంటివుంటాయే, వాటి చివర్లకి టేపు వెయ్యకపోతే నీళ్లు చేరి పాచి పడుతుంది, అదీ జరిగింది.

ఇక వేసవి. చలిదేశంలో వేడి ఎక్కువవ్వడం ఏంటి అని నవ్వుకోకు. పొద్దున తలుపేసి ఆఫీసుకెళ్లి సాయంత్రం వచ్చేసరికి మిరప, టమాటా నారు ఉడికించినట్టు వేలాడిపోయింది. నేలవైశాల్యంలో 15 నుంచి 20 శాతమన్నా పైకప్పు కిటికీలు ఉండాలంటారు, నాదానికి ఉన్నది ఒక్కటే, అదీ మూసే ఉంది. మైనం సిలిండరుతో ఆటోమేటిక్ ఓపెనర్ దొరుకుతుంది, వేడికి మైనం ఉబ్బి కిటికీని తోస్తుంది, కరెంటు అక్కర్లేదు. దాని దగ్గర మాత్రం కక్కుర్తి పడకు.

అసలు నన్ను ముంచింది ఇవేవీ కాదు, హీటరు. గ్రీన్‌హౌస్ అంటే దానంతటదే వెచ్చగా ఉంటుందనుకున్నా, హీటరు లేకపోతే రాత్రి లోపలి చలికీ బయటి చలికీ పెద్ద తేడా ఉండదని ఎవరూ చెప్పలా. బెండా వంగా చలికాలమంతా బతకాలని లోపల 15 డిగ్రీలైనా ఉండాలని హీటరు పెట్టా. బయట మైనస్ 5 ఉంటే తేడా 20 డిగ్రీలు. 5 డిగ్రీలే చాలనుకుంటే తేడా 10, అంటే బయటికి పోయే వేడీ సగమే, ఖర్చు సగానికి సగం. ఈ చిన్న లెక్క నాకు బిల్లు చేతికొచ్చాక గానీ తట్టలేదు, ఆ నెల బిల్లు చూసి మీ వదిన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: చలికాలం కూడా వాడాలంటే 10 మిల్లీమీటర్ల పాలీకార్బొనేటు, ఒంటిపొర అద్దంతో పోలిస్తే దాంట్లోంచి పోయే వేడి దాదాపు సగమే. వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా చాలనుకుంటే అద్దమే అందం, వెలుతురూ బాగుంటుంది, కాకపోతే టఫెన్డ్ గ్లాసే, అంటే గట్టిపరిచిన అద్దమే తీసుకో, మామూలుది పగిలితే కత్తుల్లా ముక్కలవుతుంది, చిన్నపిల్లలున్న ఇల్లు నీది. చలికాలం లోపలివైపు బబుల్ ర్యాప్ అంటించు, కాస్త వెలుతురు తగ్గినా బిల్లూ తగ్గుతుంది. చెట్టు నీడ పడని చోటు చూడు. పర్మిషన్లు గట్రా మీ మునిసిపాలిటీని అడుగు, అద్దె ఇల్లయితే ముందు ఓనర్ని.

సైజు మాత్రం అందరూ పెద్దది కొను అంటారు, ఎంత పెద్దదైతే అంత మేత అని ఒక్కడూ అనడు. నువ్వు 6×8 దాటకు ఇప్పటికి. నా పాత హీటరు గరాజ్‌లోనే పడుంది, ఊరికే ఇస్తా, కాకపోతే వేడి సరిపోగానే దానంతటదే ఆపేసే థర్మోస్టాట్ దానికి లేదు, రాత్రీ పగలూ ఆపకుండా తిరిగింది అందుకే.