వీధిలో ఓనర్లంతా ఒక జట్టయితే

ఇళ్లు, పోర్షన్లు అద్దెకిచ్చేవాళ్లు ఒకరికొకరు ఆసరాగా నిలవడం ఎలాగని ఈసారి చాలామంది అడిగారు. వాటిలో ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మా వీధిలో పద్నాలుగు ఇళ్లు, ఒక్కోదాంట్లో మూడు నాలుగు పోర్షన్లు అద్దెకున్నాయి. మోటరు కాలినా, డ్రైనేజీ పొంగినా ఎవరికి వాళ్లమే పరుగులు పెడుతున్నాం. అందరం సంఘంగా ఏర్పడాలంటే రిజిస్ట్రేషన్ చేయించాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: రిజిస్ట్రేషన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అన్న దగ్గరే రెండు నెలలు గడిచిపోతాయి. పద్నాలుగు ఇళ్లవాళ్లూ కలవాలని కూడా పట్టుబట్టకండి. ఎనిమిది మంది వచ్చినా చాలు, మిగతావాళ్లు ఉపయోగం కనిపించాక వాళ్లే వస్తారు.

ఆదివారం పొద్దున ఒక గంట కూర్చోండి. తలా రెండు కాగితాలు రాసుకుని రావాలి. మొదటిది పనివాళ్ల చిట్టా: ప్లంబరు, ఎలక్ట్రీషియన్, మోటరు వైండింగ్, బోరు మోటరు పైకి తీసేవాళ్లు, డ్రైనేజీ, కార్పెంటరు, పెయింటరు. ఫోను నంబరు పక్కన నాలుగు సంగతులుండాలి. చివరిసారి ఏ పని చేశాడు, ఏ నెలలో చేశాడు, సామాను కాకుండా కూలి ఎంత తీసుకున్నాడు, అదే పని మళ్లీ చెడితే పిలవగానే వచ్చాడా లేదా. "మంచోడు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఒకే ప్లంబరు మూడిళ్లలో మూడు రేట్లు తీసుకున్నాడని మొదటి రోజే బయటపడుతుంది. ఆ మాట పట్టుకుని అతనితో గొడవకు దిగకండి. వీధిలో పనంతా నీకే ఇస్తాం, ఒక రేటు చెప్పు అంటే సరిపోతుంది.

రెండోది ఇంటి కార్డు. బోరు ఎన్ని అడుగులు, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) ఎంతవరకు, మోటరు ఎన్ని హెచ్‌పీ, ఎన్ని అడుగుల్లో దించారు, జీఐ (ఇనుప) పైపులా హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపా, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, చివరిసారి ఎప్పుడు పైకి తీశారు. వీటితో పాటు సంపు ఎన్ని లీటర్లు, గేటు వాల్వులు ఎక్కడున్నాయి, డ్రైనేజీ చాంబర్లు ఎటువైపు, కరెంటు సర్వీసు నంబరు, వాటర్ బోర్డు బిల్లు మీదుండే క్యాన్ (కనెక్షన్ ఖాతా) నంబరు. ఓనరు కూతురి పురిటికి ఊరెళ్లిన వారంలోనే మోటరు చెడిపోతుంది కదా, అప్పుడు పక్కింటివాళ్లు మెకానిక్‌తో మాట్లాడాలంటే ఈ కార్డు ఉండాలి. బోరు ఎంత లోతో, ఎన్ని పైపులున్నాయో తెలియకపోతే మెకానిక్ చెప్పిందే లెక్క.

మోటరు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సింగిల్ ఫేజ్ మోటరు గుయ్యిమంటూ తిరగకపోతే ముందు స్టార్టర్ బాక్సులో, మోటరు తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్ చూడమనండి. అది ఉబ్బి ఉంటే మార్చడం చిన్న ఖర్చు, మోటరు పైకి తీయించడం పెద్ద ఖర్చు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న మైక్రోఫారడ్, వోల్టేజి అంకెలే చెప్పి తీసుకోవాలి. స్టార్ట్ కెపాసిటర్, రన్ కెపాసిటర్ వేర్వేరు, ఒకదాని చోట ఒకటి పెట్టకూడదు. ఎండాకాలంలో మోటర్లు ఎక్కువగా కాలేది నీటిమట్టం దిగిపోయి ఎండు బోరులో తిరిగినందుకే. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని మోటరు కాలకుండా కరెంటు ఆపే ఓవర్‌లోడ్ రిలేను తప్పించి డైరెక్ట్‌గా వైరు కలిపే మెకానిక్‌ను చిట్టాలోంచి తీసేయండి.

ఇక కలిసి చేయించుకోదగ్గవి: సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగించడం, చెదల మందు, ఎండాకాలం ట్యాంకర్లు. ఒక్క ఇంటి కోసం రాననేవాడు ఆరిళ్లు ఒకే రోజు అంటే వస్తాడు. లిఫ్టులున్న ఇళ్లయితే వార్షిక ఒప్పందంలో విడిభాగాలు కలిపి ఉన్నాయా, సర్వీసు మాత్రమేనా అన్నది ముందు చదవండి. రెండో రకం చవకగా కనిపించి, తాడో మోటరో మార్చాల్సి వచ్చినప్పుడు మోతెక్కిస్తుంది.

ఇలాంటి జట్లు విరిగిపోయేది రెండు కారణాలతో. పనంతా ఒక్కరి నెత్తిన పడి ఆయన విసిగిపోవడం ఒకటి. అందుకే బాధ్యత మూడు నెలలకోసారి ఇల్లు మారాలి. రెండోది డబ్బు. పనైన రోజే ఎవరి వాటా వాళ్లు పనివాడికే ఇచ్చేస్తున్నంత కాలం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వీధి కెమెరాలకో, వాచ్‌మన్ జీతానికో నెలనెలా వసూలు చేసి దాచాల్సి వస్తే, దాన్ని ఒకరి సొంత ఖాతాలో వేయించకండి. ఆ రోజు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోండి. కనీసం ఏడుగురు సభ్యులు, ఒక నియమావళి ఉండాలి. తర్వాత సంఘం పేరిట పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా.

ప్రశ్న: మా కాలనీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో అద్దె ఎగ్గొట్టి వెళ్లినవాళ్ల ఫొటోలు, ఆధార్ కాపీలు పెడుతున్నాం. వేరే ఓనర్లు మోసపోకూడదనే మా ఉద్దేశం. అందులో ఒకాయన కేసు పెడతానంటున్నాడు. పెట్టగలడా?
– విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: పెట్టగలడు. ఇవాళే తీసేయండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా శిక్ష ఉంది. చెప్పింది నిజమైతే చాలదు, ప్రజాహితం కోసమే చెప్పామని కూడా నిరూపించుకోవాలి. అడ్వాన్స్ లెక్కల్లో తేడా వచ్చి వెళ్లిపోయిన మనిషిని "చీటర్" అని రాశాక అది నిరూపించడం కష్టం. ఆధార్ కాపీ పదిమంది ఫోన్లలో తిరగడం ఇంకా ప్రమాదం. మీ దగ్గర పెట్టుకోవడానికైనా చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి.

మీ ఉద్దేశం నెరవేరడానికి వేరే దారుంది. కొత్తగా వచ్చేవాళ్లతో ఒక పేజీ దరఖాస్తు రాయించుకోండి. అందులో ఇప్పటిదాకా ఉన్న రెండిళ్ల ఓనర్ల పేర్లు, నంబర్లు, "వీరిని నా గురించి అడగడానికి నాకు అభ్యంతరం లేదు" అన్న వాక్యం, కింద సంతకం. ఫోన్లో అడగాల్సినవి నాలుగే: ఎప్పుడు చేరారు, ఎప్పుడు ఖాళీ చేశారు, అద్దె ఏ తారీఖుకు వచ్చేది, అడ్వాన్స్ లెక్క ఎలా తేలింది. ఇప్పుడున్న ఓనరు కంటే అంతకుముందు ఓనరు మాటకు విలువ ఎక్కువివ్వండి. వదిలించుకోవాలనుకునేవాడు అద్దెదారుణ్ణి ఆకాశానికెత్తేస్తాడు.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ, చాలా గ్రూపుల్లో ఉన్నదే. ఫలానా కులంవాళ్లకు ఇల్లివ్వొద్దని మాట్లాడుకోవడం. అంటరానితనం పేరుతో ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. ఆ చాట్ రేపు సాక్ష్యమవుతుంది.

ప్రశ్న: నాలుగు నెలలుగా అద్దె లేదు. రెండు నెలల అడ్వాన్స్ అయిపోయింది. కరెంటు కట్ చేసి తాళం వేసేయమని తోటి ఓనర్లు సలహా ఇస్తున్నారు. అద్దె పన్నెండు వేలు, పదకొండు నెలల అగ్రిమెంట్ ముగిసింది.
– చిరు వ్యాపారి, కరీంనగర్

జవాబు: ఆ సలహా ఇచ్చినవాళ్లెవరూ స్టేషన్‌కు మీతో రారు. బలవంతంగా బయటికి పంపితే, ఇల్లెవరిదన్న చర్చ లేకుండానే ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికొచ్చే హక్కు నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ అతనికిస్తోంది. న్యాయం మీ వైపున్న కేసును మీరే పాడుచేసుకున్నట్టవుతుంది.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. కాబట్టి మీది ఆస్తి బదిలీ చట్టం దారి. ముందు నెలవారీగా ఎంత రావాలో, ఎంత వచ్చిందో, అడ్వాన్స్‌లో ఎంత పోయిందో ఒక కాగితం మీద వేయండి. పక్క ఓనరునొకరిని తోడు తీసుకుని పగటిపూట వెళ్లి, వాయిదాల తారీఖులు రాయించి సంతకం పెట్టించుకోండి. జట్టు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. బెదిరించడానికి పదిమంది అక్కర్లేదు, సాక్షిగా ఒకరు చాలు.

అదీ జరగకపోతే లాయరు ద్వారా అదే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ నోటీసు. నెలవారీ అద్దెకు 15 రోజుల గడువు. అగ్రిమెంట్‌లో వేరే గడువు రాసుకుంటే అది చెల్లుతుంది. "బకాయి కట్టండి" అని మాత్రమే రాస్తే సరిపోదు, అద్దె ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామని స్పష్టంగా ఉండాలి. గడువు దాటాక అతను డబ్బిస్తే అద్దె అని రసీదు రాయకండి, నోటీసును మీరే వదులుకున్నారని వాదిస్తాడు. "వాడకపు నష్టపరిహారం కింద, మా హక్కులకు భంగం లేకుండా" అని రాయండి. అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో ఖాళీ చేయించే దావా.

అద్దె చెక్కు బౌన్స్ అయి ఉంటే లెక్క వేరు: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, చెల్లించడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఈ మూడింటిలో ఒక్క గడువు తప్పినా కేసు చిక్కుల్లో పడుతుంది.

ఇకముందు బకాయిని రెండో నెల పదో తారీఖు దాటనివ్వకండి. అడ్వాన్స్ చేతిలో ఉండగా మాట్లాడితే వినే మనిషి, అది కరిగిపోయాక వినడు. మీ జట్టంతా ఒకే అగ్రిమెంట్ నమూనా వాడితే మేలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత కోస్తారో అంకె వేసి రాయాలి. చేరే రోజు మీటరు రీడింగు, గదుల వీడియో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. పదకొండు నెలలు అనడంలో మంత్రమేమీ లేదు, ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరన్న కేంద్ర చట్టం నుంచి వచ్చిన అలవాటది. 1999 నాటి రాష్ట్ర సవరణ తర్వాత ఇక్కడ ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటున్నాం. కొండాపూర్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చాం, నాన్నగారు చూసుకుంటున్నారు. ఆయనకు ఓపిక తగ్గింది. అక్కడి ఓనర్లలో ఎవరికైనా అప్పగించవచ్చా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: అప్పగించవచ్చు, కానీ పని అప్పగించండి, ఆస్తి కాదు. పవర్ ఆఫ్ అటార్నీలో అద్దెకివ్వడం, అద్దె వసూలు, మరమ్మతులు, నోటీసులివ్వడం వరకే ఉండాలి. అమ్మకం, తనఖా మాటలు అందులో కనబడకూడదు. తెలిసినవాళ్లేగా అని రెడీమేడ్ నమూనా మీద సంతకం పెడితే అవి కూడా అందులోనే ఉంటాయి. అక్కడ కాన్సులేట్‌లో గానీ, నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) ద్వారా గానీ చేయించి పంపాక, ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అద్దె మీ ఎన్ఆర్ఓ (ప్రవాసుల ఇక్కడి ఆదాయం జమయ్యే బ్యాంకు) ఖాతాలోకి నేరుగా వచ్చేలా చూడండి, చూసుకునేవాళ్ల ఖాతాలోకి వద్దు.

పన్ను సంగతి మీ అద్దెదారుకు తెలియకపోవచ్చు. ఇక్కడుండే ఓనరుకైతే నెల అద్దె 50 వేలు దాటితేనే, అదీ 2 శాతమే టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అద్దెదారు కోయాలి. విదేశంలో ఉన్న ఓనరుకు ఆ పరిమితి లేదు, సెస్సుతో కలిపి 31.2 శాతం కోయాలి. తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మీరు ప్రవాసులన్న మాట అగ్రిమెంట్‌లోనే రాయకపోతే తర్వాత చిక్కు అద్దెదారు మెడకు చుట్టుకుంటుంది.

సాయం చేసే ఇరుగుపొరుగుకు నెలకింత అని లెక్క కట్టి ఇవ్వండి. మొహమాటం మీద నడిచే ఏర్పాటు ఏడాది దాటదు.

ప్రశ్న: మా ఓనర్ల జట్టులో ఒకాయన, తలా ఐదు లక్షలు వేసుకుని షాద్‌నగర్ వైపు ప్రీలాంచ్ వెంచర్‌లో కలిసి కొందామంటున్నాడు. సగం రేటేనట.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: ఆయనకు ఆ వెంచర్‌లో కమిషన్ ఉందా అని అందరి ముందూ అడగండి. జట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు ప్రతిచోటా ఒకరుంటారు.

500 చదరపు మీటర్లు దాటిన స్థలమో, ఎనిమిది మించిన యూనిట్లో ఉన్న వెంచర్‌ను రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రకటించడం, అమ్మడం 2016 చట్టం ప్రకారం కుదరదు. ప్రీలాంచ్ అంటే చాలాసార్లు ఆ నంబరు రాకముందు అమ్మకమే. నంబరుంటే రెరా వెబ్‌సైట్లో సర్వే నంబర్లు, లేఅవుట్ చూడండి. రిజిస్టరు చేసిన అమ్మకం అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి, ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చేయకూడదన్న 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నాయేమో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకో (చెరువు నిండితే నీరు నిలిచే హద్దు) దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్‌లోకో వస్తున్నాయేమో చూడండి.

అన్నీ సరిగ్గా ఉన్నా, పదిమంది కలిసి ఒకే ప్లాటు కొంటే ఒకరు డబ్బు వెనక్కి అడిగిన రోజున మిగిలిన తొమ్మిదిమంది కొనాలి, లేదా ప్లాటు అమ్మాలి. కొనాల్సివస్తే ఎవరి పేరిట వాళ్లు విడి ప్లాట్లు కొనండి. మోటర్ల కోసం పెట్టుకున్న జట్టును దీంట్లోకి లాగకండి, రెండూ పోతాయి.

ప్రశ్న: వీధిలో అందరం ఒకే అద్దె పెట్టాలని, ఎవరూ తగ్గించకూడదని తీర్మానం చేయవచ్చా? అద్దెదారుల వివరాలు పోలీసులకు ఇవ్వడం కూడా జట్టుగా చేయొచ్చా?
– ఇంటి యజమాని, నిజాంపేట

జవాబు: మొదటిది వద్దు. ఒకే మాట మీద రేటు కట్టడం పోటీ చట్టంతో పెట్టుకోవడమే. పైగా నిలబడదు. రెండు నెలలు ఖాళీగా ఉన్న పోర్షన్ ఓనరు మొదట గుట్టుగా తగ్గిస్తాడు, అక్కడితో జట్టులో మాటకు విలువ పోతుంది. ఎవరు ఎంతకిచ్చారో ఒకరికొకరు చెప్పుకోవడం వరకు సరిపోతుంది.

వివరాలివ్వడం ఎవరి ఇంటిది వాళ్లే చేయాలి, సంతకం ఓనరుదే. స్టేషన్‌కు అందరూ ఒకే రోజు వెళ్లి రావచ్చు, రసీదు ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. అద్దెకు చేరింది విదేశీయుడైతే గడువు 24 గంటలే. వివరాలు ఆన్‌లైన్‌లో ఎఫ్ఆర్ఆర్ఓకు (విదేశీయుల నమోదు కార్యాలయం) పంపాలి. విద్యార్థికి ఒక్క గది ఇచ్చినా అదే నియమం.