మా రూమ్మేట్ వేప్‌ని (ఈ-సిగరెట్‌ని) ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కి పెట్టి నిద్రపోతున్నాడు, ప్రమాదమా?

మీరు అడిగింది ఇది: డల్లాస్ దగ్గర ముగ్గురు కలిసి ఉంటున్నారు, అందులో ఒకతను రోజూ రాత్రి వేప్‌ని ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కి తగిలించి, దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు, ఏ చార్జర్ వాడితే సేఫ్ అని. చార్జర్ సంగతి చెప్తాను. కానీ అంతకంటే ముందు ఆ పడుకోవడం ఆపించాలి. ఈ రాత్రి నుంచే.

2018 చలికాలంలో మేం డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో నలుగురం ఉండేవాళ్లం. మంచాలు లేవు, కార్పెట్ మీద పరుపులే. నా గదిలో ఉన్న, తమ్ముడిలాంటి కుర్రాడికి సిగరెట్ మానడానికని పెన్ను లాంటి వేప్ అలవాటైంది. ఇల్లు మారినప్పుడు దాని కొసకి మరలా తిప్పి బిగించే స్క్రూ చార్జర్ పోయింది. గ్యాస్ స్టేషన్‌లో అలాంటిదే ఇంకొకటి కొన్నాడు. మరలు సరిపోయాయి, లైటు వెలిగింది, ఇంకేం అనుకున్నాడు. "ఇది దానితో వచ్చింది కాదు కదరా" అంటే, "ఏం కాదన్నా, రెండు వారాల నుంచి దీంతోనే పెడుతున్నా" అన్నాడు. నేనూ ఊరుకున్నాను.

ఆ రాత్రి అతను హాల్లో సోఫా మీదే నిద్రపోయాడు. వేప్ మాత్రం అతని పరుపు మీద, వాళ్లమ్మ ఊరి నుంచి పంపిన బొంత మీద చార్జ్ అవుతూ ఉంది. రెండు గంటలప్పుడు నాకు మెలకువ వచ్చింది. కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి చీదుతుందే, ఆ చప్పుడు. తర్వాత నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి ఘాటు వాసన. లేచేలోపే టప్‌మని పేలి, పెన్ను ఒక కొస నుంచి మంట చిమ్ముతూ పరుపు మీంచి గోడ దాకా దూసుకెళ్లింది. నేను గోడ దగ్గర ప్లగ్ లాగేసి, వంటింట్లో బియ్యం కడిగే గిన్నెతో నీళ్లు తెచ్చి పోశాను. బొంతలో అరచేయంత కంత, కార్పెట్ కరిగి నల్లగా గడ్డకట్టింది. రోజూ అతని తల ఉండే చోటు అది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకలా అయిందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. లోపల ఉండేది లిథియం అయాన్ సెల్. మామూలుగా 3.7 వోల్టులు, నిండితే 4.2. యూఎస్‌బీ నుంచి వచ్చేదేమో 5 వోల్టులు. మధ్యలో ఒక చిన్న సర్క్యూట్ ఉండి ఆ 5ని అదుపు చేసి, 4.2 దగ్గర ఆపేయాలి. కొన్ని పెన్నుల్లో ఆ సర్క్యూట్ పెన్నులో ఉంటుంది, కొన్నింటికి స్క్రూ చార్జర్‌లోనే ఉంటుంది. మరలు చాలావాటికి ఒకటే కాబట్టి వేరేదాని చార్జర్ కూడా ఎక్కేస్తుంది. ఆపే సర్క్యూట్ లేని పెన్నుకి, ఆపే సర్క్యూట్ లేని చార్జర్ తగిలితే ఇక సెల్‌ని ఆపేవాడు లేడు. నిండిన తర్వాత కూడా ఎక్కుతూనే ఉంటుంది, లోపల వేడి పుడుతుంది, ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. అక్కడి నుంచి వైరు పీకినా ఆగదు. గొట్టంలా ఉండే పరికరంలో ఆ ఒత్తిడి బలహీనంగా ఉన్న కొస నుంచి బయటికి తన్నుకొస్తుంది. అందుకే అది రాకెట్‌లా ఎగిరింది.

ఇక మీ ఫాస్ట్ చార్జర్. 65 వాట్ల చార్జర్ పెడితే 65 వాట్లూ లోపలికి తోసేస్తుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. పరికరం ఎంత లాక్కుంటే అంతే ఇస్తుంది, అడగనిదే 5 వోల్టులు దాటదు. మంచి చార్జర్ ఈ పద్ధతి తప్పదు. కానీ పేరూ ఊరూ లేని చార్జర్ అన్నిసార్లూ పాటిస్తుందన్న నమ్మకం లేదు, అది తప్పితే తట్టుకునే శక్తి చవక వేప్ సర్క్యూట్‌కి ఉండదు. మీ ఫోన్ తన బ్యాటరీ వేడి కొలుచుకుని, ఎక్కువైతే చార్జింగ్ తగ్గించుకుంటుంది. చవక వేప్‌లో అంత ఏర్పాటు ఉంటుందని నమ్మలేం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఫోన్, ట్యాబ్లెట్ చార్జర్లు వాడొద్దు, దానితో వచ్చిందే వాడండి అని చెప్తుంది. ఈ మధ్య చాలా వేప్‌లు వైరు మాత్రమే ఇస్తున్నాయి, లేదా అదీ ఇవ్వడం లేదు. అప్పుడు డబ్బా మీద, లేదా పరికరం కింద చిన్న అక్షరాల్లో 5 వోల్టులు, ఇన్ని యాంపియర్లు అని ఉంటుంది. దానికి సరిపోయే మామూలు చార్జర్ చూసుకోండి. నేనైతే లాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకే పెట్టేవాణ్ణి. మెల్లగా ఎక్కుతుంది, పైగా మనం దాని ముందే కూర్చుని ఉంటాం.

ఇంకో తికమక కూడా ఉంది. రెండు వైపులా టైప్ సీ ఉన్న వైరు పెడితే కొన్ని వేప్‌లు అసలు చార్జ్ కావు. టైప్ సీ పోర్టులో ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు కొందరు వేయరు. అవి లేకపోతే అవతల పరికరం ఉందని చార్జర్‌కి తెలియదు, కరెంటు ఇవ్వదు. ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న వైరుతో పెట్టి చూడండి. చార్జర్ పాడైందనుకుని గ్యాస్ స్టేషన్‌కి పరిగెత్తక్కర్లేదు.

మీ రూమ్మేట్‌ది బ్యాటరీ బయటికి తీసే రకం అయితే సంగతి వేరు. అందులో ఎక్కువగా ఉండేది 18650 అనే సెల్, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని వేప్‌లో ఉంచి యూఎస్‌బీతో కాకుండా, విడిగా సెల్ చార్జర్‌లో పెట్టుకోవడమే మంచిది. సెల్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మనకు ఒక కొస ప్లస్, రెండో కొస మైనస్ అనిపిస్తుంది. నిజానికి బయటి లోహపు డొప్ప మొత్తం మైనసే. పైనున్న ప్లస్ బొడిపెకీ దానికీ మధ్య ఉన్నది ఒక సన్నటి రింగూ, రంగు ప్లాస్టిక్ తొడుగూ మాత్రమే. ఆ తొడుగు అంచు చిరిగిందంటే షార్ట్ అవడానికి ఎంతో దూరం లేదు. అలాంటి సెల్‌ని పక్కన పెట్టేయమనండి. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి అస్సలు వేయకూడదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2009 నుంచి 2016 చివరి దాకా వార్తల్లో వచ్చిన ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లు 195 లెక్కగట్టింది. అందులో 48 చార్జింగ్‌లో ఉండగా జరిగాయి, జేబులో ఉండగా జరిగినవి 61.

చార్జింగ్‌కి పరుపు, సోఫా, దిండు వద్దు. గ్రానైట్ గట్టు మీద, పక్కన పేపర్లూ బట్టలూ లేకుండా, కళ్లకు కనపడేలా పెట్టమనండి. నిండగానే తీసేయాలి. రాత్రంతా కారులో గడ్డకట్టిన దాన్ని లోపలికి తెచ్చీ తేగానే పెట్టకూడదు, సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఎక్కిస్తే లోపల లిథియం లోహంలా పేరుకుని సెల్ పాడవుతుంది. మధ్యలో ఓసారి ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి, ఉబ్బు, వాసన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దాని పని అయిపోయినట్టే. చెత్తబుట్టలో వేయకుండా మీ సిటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. చీదుతున్న చప్పుడు వినిపిస్తే మాత్రం నేను చేసినట్టు చేయకండి. చేత్తో పట్టుకోవద్దు, అందరినీ లేపి బయటికి వెళ్లి 911కి చేయండి.

అతనితో గొడవగా మాట్లాడకండి. మా తమ్ముడికి ఆ కాలిన బొంత చూశాక ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. మీవాడికి ఈ జవాబు చూపించండి, ముగ్గురూ ఒకే కప్పు కింద పడుకుంటున్నారు కాబట్టి అడిగే హక్కు మీకుంది.

డిసెంబర్‌లో అతను హైదరాబాద్ వెళ్తున్నాడని రాశారు. వేప్ పట్టుకెళ్లొద్దని చెప్పండి. 2019 చట్టం ప్రకారం ఇండియాలోకి ఈ-సిగరెట్ దిగుమతి నేరం, మొదటిసారికే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. విమానంలో చెక్-ఇన్ లగేజీలో పెట్టడం, లోపల చార్జ్ చేయడం ఎలాగూ కుదరదు. వెళ్లే ముందు సగం చార్జ్‌లో ఉంచి, వైరు తీసేసి, ఎండ తగలని అరలో పెట్టి వెళ్లమనండి.